వాన పడింది.. చేను తడవలేదు

మొన్న మన సంఘం మండల సమావేశానికి ముందురోజు సాయంత్రం గట్టి వాన పడింది. గంటసేపు కుండపోత. రాత్రికి వంక పారింది. రోడ్డు మీద కల్వర్టు పైనుంచి ఎర్రనీళ్లు పోయాయి. తెల్లారి సమావేశానికి వచ్చిన వాళ్లందరి ముఖాల్లో సంతోషం. "పదును పడింది, ఎల్లుండికి విత్తనం ఎయ్యొచ్చు" అని అందరూ అనుకుంటుంటే ఒక పెద్దాయన మాత్రం "చేన్లో ఇనుప కడ్డీ గుచ్చి చూసొచ్చినా నాయనా, జానెడు కూడా దిగలేదు" అన్నాడు. ఎవరూ నమ్మలేదు. సమావేశం అయ్యాక ఆరేడు మందిమి కలిసి ఆయన చేనికి పోయాం. పారతో తవ్వి చూస్తే నాలుగు వేళ్ల మందం తడి, దాని కింద దుమ్ము. గట్టు అవతల ఆయన తమ్ముడి చేను ఉంది. అదే వాన, అదే ఎర్రనేల. అక్కడ తవ్వితే అడుగు దాటినా మట్టి ముద్దగా వచ్చింది.

ఆ రెండు గుంతల దగ్గర నిలబడి మాట్లాడుకున్న మాటలే ఈ నెల మన పత్రికలో రాస్తున్నాం. అనంతపురం జిల్లా రైతులం మనం. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అది కూడా సరిగ్గా పంచుకుని పడదు. కాలువ నీళ్ల కోసం మనం ధర్నాలు చేశాం, పాదయాత్రలు చేశాం, కేసులు మోశాం. హంద్రీ-నీవా నీళ్లు ప్రతి చెరువుకూ రావాలని ఇప్పటికీ అడుగుతున్నాం, అడుగుతూనే ఉంటాం. కానీ ఆకాశం నుంచి నేరుగా మన చేనులోకే వచ్చిన నీళ్లు గంటలో మన గట్టు దాటి పోతుంటే, అది ఎందుకు పోయింది, ఎవరి వల్ల పోయింది అని మనం ఒక్క సమావేశంలో కూడా చర్చించలేదు. ఇది మన తప్పు. ముందుగా దాన్ని ఒప్పుకుని మొదలుపెడదాం.

ఒక వానకు ఎన్ని ట్యాంకర్లు?

లెక్క చూద్దాం. ఎకరా చేను మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది 4 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. మొన్న పడినట్టు 50 మిల్లీమీటర్లు పడితే ఎకరాకు 2 లక్షల లీటర్లు. ఎండిపోతున్న పంటకు మనం తోలించే ట్యాంకరు 5 వేల లీటర్లది అనుకుంటే, ఎకరాకు 40 ట్యాంకర్లు. ఐదెకరాల రైతుకు ఒక్క సాయంత్రం 200 ట్యాంకర్లు ఉచితంగా వచ్చినట్టు.

ఇప్పుడు ఆ వాన గంటలో పడిందనుకుందాం. మంచి గరప నేల గంటకు 20 మిల్లీమీటర్ల దాకా తాగగలదు. మిగిలిన 30 మిల్లీమీటర్లు పారిపోతాయి. అంటే ఎకరాకు 24 ట్యాంకర్లు పోయాయి, 16 నిలిచాయి. అదే నేల పైన గట్టి పెచ్చు కట్టి గంటకు 5 మిల్లీమీటర్లే తాగిందనుకోండి, 36 ట్యాంకర్లు పోతాయి, నాలుగే నిలుస్తాయి. వాన ఒక్కటే. వానమాని చూపే అంకె ఒక్కటే. ప్రభుత్వం రాసుకునే వర్షపాతం ఒక్కటే. మన పంటకు దక్కింది మాత్రం ఒక చోట ఐదింట రెండు వంతులు, ఇంకో చోట పదో వంతు. కరువు మండలాల లెక్క తీసేటప్పుడు "మీకు వాన పడింది కదా" అంటారే, ఆ మాటకు జవాబు ఇక్కడ ఉంది. పడిన వాన వేరు, ఇంకిన వాన వేరు.

గట్టు దాటి పోయే నీళ్లు ఒట్టిగా పోవు. మన పైమట్టిని, వేసిన ఎరువును, కొన్నిసార్లు విత్తనాన్ని కూడా తీసుకునిపోతాయి. ఆ రోజు కల్వర్టు మీద మనం చూసిన ఎర్రరంగు మన చేలదే.

నేల నీళ్లు ఎలా తాగుతుంది?

మట్టి అంటే గట్టి ముద్ద కాదు. మంచి నేలలో దాదాపు సగం ఖాళీయే. ఆ ఖాళీలు రెండు రకాలు. వానపాములు చేసిన బొరియలు, పాత వేర్లు కుళ్లిపోయి మిగిలిన సొరంగాలు, మట్టి గుళికల మధ్య ఉండే సందులు - ఇవి పెద్దవి. వీటిలో నీళ్లు తమ బరువుకు తామే కిందికి జారిపోతాయి. రెండోరకం కంటికి కనపడని సన్న సందులు. వీటిలో నీళ్లు దీపం వత్తి నూనెను లాగినట్టు లాగబడతాయి. కిందికే కాదు, పక్కకూ పైకీ కూడా లాగుతాయి.

ఎండిన నేల మీద వాన మొదలైనప్పుడు ఈ రెండు బలాలూ కలిసి పనిచేస్తాయి. అందుకే మొదటి పది పదిహేను నిమిషాలు నేల గబగబా తాగుతుంది. సన్న సందులు నిండేకొద్దీ లాగే బలం తగ్గి, తాగే వేగం కూడా తగ్గుతుంది. చివరకు ఒక నిలకడ వేగం దగ్గర ఆగుతుంది. వాన ఆ వేగం కంటే గట్టిగా పడితే మిగిలింది పారక తప్పదు. అందుకే నిదానంగా రాత్రంతా పడిన జల్లు వాన మన పెద్దలకు అంత ఇష్టం.

ఇంకొకటి గమనించాలి. నీళ్లు లోపలికి పోవాలంటే లోపలున్న గాలి బయటికి రావాలి. పైన మొత్తం నీళ్లు నిలిచి, పెద్ద సందులన్నీ మూసుకుపోతే గాలి బయటికి రాలేక లోపలే చిక్కుకుంటుంది. మూతి సన్నగా ఉన్న సీసాను నీళ్లలో ముంచితే బుడబుడమంటూ ఎంత నిదానంగా నిండుతుందో, అదీ అంతే.

25 మిల్లీమీటర్ల నీళ్లు మొత్తం ఇంకితే ఎండిన ఇసుక నేలలో అడుగు లోతు దాకా తడుస్తుంది. గరప నేలలో ఏడెనిమిది అంగుళాలు. నల్లరేగడిలో నాలుగైదు అంగుళాలు. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే, వాన పడిన మర్నాడు కడ్డీ గుచ్చి ఎంత నీళ్లు మనకు దక్కాయో ఎవరికి వాళ్లే చెప్పుకోవచ్చు.

నోరు మూసింది ఎవరు?

పెద్దాయన చేనికీ ఆయన తమ్ముడి చేనికీ తేడా ఎక్కడుంది? పైన ఒక్క అంగుళంలో ఉంది, కింద అరడుగు లోతులో ఉంది.

పైన సంగతి. పెద్ద వాన చినుకు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నేల మీద పడుతుంది. ఏ అడ్డూ లేని ఎర్రనేల మీద అది సుత్తి దెబ్బ. మట్టి గుళికలు చిట్లి పిండి అవుతాయి. ఆ పిండి సందుల్లోకి పోయి మూత పెడుతుంది. వాన వెలిసి ఎండ కాస్తే అదే పెచ్చు. మొలక దాన్ని పగలగొట్టుకుని రాలేక లోపలే వంకర తిరిగి చచ్చిపోవడం మనం వేరుశనగలో ఎన్నోసార్లు చూశాం. మొలకను బయటికి రానివ్వని పెచ్చు, నీటిని లోపలికి కూడా పోనివ్వదు. మన ఎర్రనేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి గుళికలను పట్టి ఉంచే జిగురు తక్కువ, పెచ్చు తొందరగా కడుతుంది.

కింద సంగతి. ఏటా ఒకే లోతులో ట్రాక్టరు తిరుగుతుంది. తడి పూర్తిగా ఆరకముందే రోటవేటర్ వేస్తాం, ఎందుకంటే బాడుగ ట్రాక్టరు దొరికిన రోజే మనకు అదును. పైన మైదాపిండిలా కనపడుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఐదారు అంగుళాల కింద మాత్రం బరువుకూ రాపిడికీ గచ్చులాంటి పొర తయారవుతుంది. పైనుంచి దిగిన నీళ్లు ఆ పొర మీద నిలిచి, వాలు ఎటుంటే అటు పక్కకు నడుస్తాయి. వేరు కూడా అక్కడే ఆగి పక్కకు తిరుగుతుంది. పది రోజులు వాన ఆలస్యమైతే పెద్దాయన చేను వాడిపోతుంది, తమ్ముడి చేను ఇంకొన్ని రోజులు తట్టుకుంటుంది.

పెద్దాయన చేసింది అందరం చేస్తున్నదే. వాలు వెంబడి దున్నించాడు, ట్రాక్టరుకు అలా అయితే మలుపులు తక్కువ. కట్టె మొత్తం పీకి అమ్మాడు. తమ్ముడు చేసింది కూడా గొప్ప విద్యేమీ కాదు. వాలుకు అడ్డంగా దున్నాడు. కొన్ని సాళ్లకొకటి గొడ్డు సాలు వదిలాడు. మూడేళ్లుగా ఎండాకాలంలో గొర్రెల మంద కట్టిస్తున్నాడు. గట్ల మీద గానుగ, గ్లిరిసీడియా పెంచి ఆ ఆకు చేనులోనే వేస్తున్నాడు. వాన వెలిసి పదును రాగానే గుంటక తోలి పెచ్చు పగలగొడతాడు. మన తాతలకు తెలిసిన పనులే ఇవన్నీ. మనం వదిలేసినవి.

నల్లరేగడి సంగతి వేరు

ఉరవకొండ, తాడిపత్రి వైపు శనగ వేసే సోదరులకు ఈ లెక్క కొంచెం తిరగబడుతుంది. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. మొదటి వాన ఆ నెర్రెల గుండా సూటిగా లోతుకు పోతుంది. తర్వాత బంకమట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. అప్పటినుంచి గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్లు తాగడమే కష్టం. నీళ్లు పట్టి ఉంచడంలో ఆ నేల మన ఎర్రనేల కంటే ఎన్నో రెట్లు మేలు, తాగడంలో మాత్రం నిదానం. అందుకే అక్కడ నీళ్లను మెల్లగా నడిపించాలి, నిలవనిచ్చి కుళ్లబెట్టకూడదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద ఒక ప్రయోగం నడిపారు. వెడల్పు మడులు, మధ్యలో కాలువలు, స్వల్ప వాలు, మెరుగైన సాగు ఒక పక్క. మామూలు పద్ధతి ఒక పక్క. ఏళ్ల తరబడి సగటు తీస్తే మెరుగైన పద్ధతిలో హెక్టారుకు 5 టన్నుల ధాన్యం, మామూలు పద్ధతిలో ఒక టన్ను పైచిలుకు. మట్టి కోత కూడా నాలుగో వంతుకు తగ్గింది. వాన రెండు పక్కలా ఒక్కటే. ఆ తేడాలో విత్తనానిదీ ఎరువుదీ కూడా భాగం ఉంది, కాదనడం లేదు. కానీ నీళ్లు నిలబెట్టకుండా విత్తనమూ ఎరువూ పనిచేయవు. ఈ ఫలితం వచ్చి ఇన్నేళ్లయినా మన జిల్లాలో ఎంతమంది రైతుల చేనులో అలాంటి మడులు కనిపిస్తున్నాయి? ప్రయోగశాల గట్టు దాటి అది ఎందుకు రాలేదన్నదే మన ప్రశ్న.

బోరు నీళ్లు కట్టి కట్టి చౌడు పట్టిన నేలల గురించి కూడా ఒక మాట. నీళ్లలో సోడియం ఎక్కువుంటే మట్టి గుళికలు విడిపోయి నేల సబ్బులా జారుడుగా అవుతుంది. అప్పుడు ఎంత దున్నినా నీళ్లు దిగవు. మట్టి పరీక్షలో చౌడు అని తేలితే జిప్సం వేసి, మంచి నీళ్లతో ఉప్పును కిందికి దింపాలి. పరీక్ష లేకుండా అంగడిలో చెప్పిన మందు కొనొద్దు.

దిగిన నీళ్లు ఎటు పోతాయి?

వాన వెలిసిన రెండు మూడు రోజుల్లో పెద్ద సందుల్లోని నీళ్లు కిందికి దిగిపోతాయి. సన్న సందుల్లో పట్టుకున్న నీళ్లే మన పంట తాగేది. ఇది మొదటి ఖాతా. ఈ ఖాతా నిండిన తర్వాతే మిగిలింది కిందికి, మొరంలోకి, ఆ కింద బండ పగుళ్లలోకి దిగుతుంది. మన జిల్లాలో ఎక్కువ చోట్ల కింద ఉన్నది గ్రానైట్ బండ. భూగర్భ జలాల లెక్కలు కట్టేవాళ్లు ఇలాంటి ప్రాంతాల్లో వాననీళ్లలో పదో వంతు అటూ ఇటూ మాత్రమే కిందికి చేరుతుందని వేసుకుంటారు. ఆ పదో వంతు నుంచే మన బోర్లన్నీ తోడుకుంటున్నాయి. కొన్ని ఊళ్లలో వెయ్యి అడుగులు దించినా దుమ్మే లేస్తోంది. పైన నోరు మూసిపెట్టి కింద గొట్టం దించితే ఏం వస్తుంది?

చెరువు మట్టి తోలుకునే వాళ్లకు ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చెరువు మట్టి మన ఎర్రనేలకు మంచిది, నీళ్లు పట్టి ఉంచుతుంది. కానీ కుప్పలు నెరిపి, పైన ఒక పొరలా వదిలేస్తే నష్టం. సన్నమట్టి పొర కింద ముతక మట్టి ఉంటే, పై పొర పూర్తిగా నిండేదాకా నీళ్లు కిందికి దిగవు. వత్తి తడిని వదలనట్టే సన్నమట్టి తన నీళ్లు తాను పట్టుకుంటుంది. అందుకే తోలిన మట్టిని అదే ఎండాకాలం దుక్కిలో బాగా కలపాలి.

గుంతల లెక్క, చేని లెక్క

పాలకులు నీటి సంరక్షణ మీద డబ్బు ఖర్చు పెట్టలేదని మనం అనడం లేదు. నీరు-మీరు చూశాం. వాటర్‌షెడ్లు చూశాం. పంట సంజీవని పేరుతో ఫారం పాండ్లు చూశాం. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. అయితే ఈ పనులన్నిటికీ కొలత ఒక్కటే: ఎన్ని గుంతలు తవ్వారు, ఎన్ని క్యూబిక్ మీటర్లు తీశారు, ఎన్ని చెక్‌డ్యాములు కట్టారు. చేనులో తడి ఎన్ని అంగుళాలు పెరిగింది అని కొలిచిన అధికారి ఎవరూ మాకు తారసపడలేదు.

ఫారం పాండ్ నిండితే ఫొటో తీసి గొప్పగా చూపిస్తారు. కుంట నిండడం మంచిదే. కష్టకాలంలో ఒక తడి ఇవ్వడానికి పనికొస్తుంది. అయితే చిన్న వానకే కుంట పొంగిపొర్లుతోందంటే పైనున్న చేను తాగడం లేదని అర్థం. పైనుంచి కిందికి పని చేసుకుంటూ రావాలి, ముందు గుట్ట, తర్వాత చేను, ఆ తర్వాత వంక - వాటర్‌షెడ్ పుస్తకాల్లో రాసుకున్న సూత్రమే ఇది. జరిగింది తలకిందులు. వంకలో సిమెంటు పని ముందు వచ్చింది, ఎందుకంటే అందులో కాంట్రాక్టు ఉంది, బిల్లు ఉంది. చేనులో అడ్డ దుక్కికి, ఆకు కప్పడానికి, గొడ్డు సాలుకు కాంట్రాక్టరు అక్కర్లేదు. కాబట్టి దానికి పద్దు కూడా లేదు.

2002లో వచ్చిన వాల్టా చట్టం పేరులో నీరు, భూమి, చెట్టు మూడూ ఉన్నాయి. మన ఊళ్లలో అది బోరు పర్మిషన్ కాగితంగానే తెలుసు. యంత్రాల సబ్సిడీలోనూ ఇదే సంగతి. రోటవేటర్‌కు సబ్సిడీ దొరికినంత సులువుగా గట్టిపొర పగలగొట్టే ఉలి నాగలి గానీ, సబ్‌సాయిలర్ గానీ ఎక్కడ దొరుకుతోంది? మూడేళ్లకొకసారి ఎండాకాలంలో వేస్తే చాలు. ఊరికొకటి ఉంటే అందరికీ సరిపోతుంది. ట్రాక్టరు మన శత్రువు కాదు. ఏది ఎప్పుడు వెయ్యాలో చెప్పేవాళ్లు లేకపోవడమే మన కష్టం.

కౌలు రైతు ఎందుకు చెయ్యాలి?

ఇక్కడికి వచ్చేసరికి అసలు చిక్కు బయటపడుతుంది. నేల నోరు తెరవడం ఒక్క ఏడాది పని కాదు. మంద కట్టాలి, ఆకు వెయ్యాలి, గట్టు వెయ్యాలి, మూడు నాలుగేళ్లు ఆగాలి. పెట్టుబడి ఇప్పుడు, ఫలితం తర్వాత. మన చేలు దున్నుతున్న వాళ్లలో కౌలు రైతులు ఎంతమందో మీ ఊళ్లో మీరే లెక్కపెట్టండి. వాళ్లది నోటి మాట కౌలు. వచ్చే ఉగాదికి ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు.

మన సంఘం సభ్యుడు ఒకరు నాలుగెకరాలు కౌలుకు చేసేవాడు. అప్పు తెచ్చి చెరువు మట్టి తోలాడు. భార్యాభర్తలిద్దరూ ఎండలో గట్టు వేశారు. మూడో ఏడు అందరి చేలూ వాడినా అతని చేను నిలిచింది. ఆ ఉగాదికే భూమి యజమాని కౌలు పెంచాడు. ఇతను ఇవ్వలేనంటే ఇంకొకరికి ఇచ్చాడు. మొన్న గుంతల దగ్గర అతను కూడా ఉన్నాడు. "నేల బాగైంది గదన్నా, అందుకే నన్ను తీసేసినారు" అన్నాడు. ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు వేరే చేను చేస్తున్నాడు. అక్కడ గట్టు వెయ్యలేదు. వెయ్యమని అతనికి చెప్పే ముఖం మనలో ఎవరికుంది?

2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ఇచ్చే కార్డు 11 నెలలకే. దానికి కూడా యజమాని సంతకం కావాలి. 11 నెలల్లో ఒక పంట తియ్యొచ్చు, నేలను బాగుచెయ్యలేరు. చట్టమే ఏడాదికి మించి ఆలోచించొద్దని చెబుతుంటే, కౌలు రైతు వాలు వెంబడి దున్ని, ఉన్నదంతా ఊడ్చుకుని పోక ఏం చేస్తాడు? అతన్ని తప్పుపట్టడం అన్యాయం. నీటి సమస్య, కౌలు సమస్య రెండూ వేరువేరని ఇన్నాళ్లూ వేరే తీర్మానాలు చేశాం. చేనులో తవ్వి చూస్తే రెండూ ఒకే గుంతలో ఉన్నాయి.

మనలో మనం

కొందరు సభ్యులు అడిగారు: "ఇదంతా మాట్లాడితే కాలువ నీళ్ల పోరాటం పక్కకు పోదా? మీ చేనులో మీరే నీళ్లు నిలుపుకోండి అని ప్రభుత్వం చేతులు దులుపుకోదా?" న్యాయమైన అనుమానం. మన సమాధానం ఇది. నేల ఎంత బాగున్నా వాన లేని ఏడాది అది నీళ్లు పుట్టించలేదు. కాలువ నీళ్లు మన హక్కు, వాటిని వదలం. అయితే కాలువ వచ్చినా ఆ నీళ్లు కూడా ఈ నేలలోకే దిగాలి. పెచ్చు కట్టిన చేనుకు కాలువ తడి ఇచ్చినా సగం పక్క చేనికి పోతుంది.

ఇంకొకరు అన్నారు: "కట్టె పశువులకే చాలడం లేదు, నేలకు ఎక్కడ కప్పేది?" ఇదీ నిజమే. పశువు నోటి నుంచి లాక్కుని నేల మీద వెయ్యమని ఎవరూ చెప్పలేరు. అందుకే గట్ల మీద ఆకు చెట్లు, కంది మోళ్లు, వానకు ముందే పొడి దుక్కిలో చల్లే నవధాన్యాలు లాంటి దారులు చూడాలి. నవధాన్యాలు కొంత మేత అవుతాయి, కొంత నేల మీద నీడ అవుతాయి, వాటి వేర్లు కుళ్లి సందులు వదులుతాయి. అన్ని చోట్లా ఒకేలా కుదరదు. కుదిరిన చోట మొదలుపెట్టాలి.

మన అడుగులు, మన డిమాండ్లు

వచ్చే నెల ప్రతి గ్రామ కమిటీ ఒక పని చెయ్యాలి. రెండువైపులా మూత తీసేసిన ఒక రేకు డబ్బా తీసుకోండి. చేనులో రెండంగుళాలు దిగేలా కొట్టండి. లీటరు నీళ్లు పోసి ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి రాసుకోండి. అది ఇంకాక రెండోసారి పోసి మళ్లీ చూడండి, ఆ రెండోదే నమ్మదగ్గ లెక్క. గట్టు కింద ఒకసారి, చేను మధ్యలో ఒకసారి, ట్రాక్టరు జాడలో ఒకసారి చెయ్యండి. మేం ఆ రోజు ఆ రెండు చేలల్లోనూ చేశాం. తమ్ముడి చేనులో మాట్లాడుకుంటుండగానే ఇంకిపోయాయి. పెద్దాయన చేనులో టీ తాగి వచ్చినా సగం నీళ్లు నిలిచే ఉన్నాయి. తర్వాత ఒక ఎండిన మట్టిబెడ్డను గ్లాసు నీళ్లలో వేసి చూడండి. వెంటనే కరిగి పిండైతే ఆ నేల వాన దెబ్బకు నిలవదు. నిలిస్తే మంచి నేల. ఈ లెక్కలు కాగితం మీద ఉంటే అధికారుల ముందు మన మాటకు బలం ఉంటుంది.

ఆ బలంతో మనం అడగాల్సినవి ఇవి:

1. కరువు అంచనాలో వర్షపాతంతో పాటు చేనులో తడి లోతును కూడా కొలిచి లెక్కలోకి తీసుకోవాలి.

2. ఉపాధి పనులు ఏ పేరుతో నడిచినా, చిన్న సన్నకారు రైతుల చేలల్లో వాలుకు అడ్డంగా గట్లు, కందకాలు, గట్ల మీద ఆకు చెట్లు, చెరువు మట్టి తోలి కలపడం పనుల జాబితాలో ముందు ఉండాలి. కౌలు చేలకు కూడా వర్తించాలి.

3. ఊరికొక ఉలి నాగలి లేదా సబ్‌సాయిలర్ తక్కువ బాడుగకు అందుబాటులో ఉంచాలి.

4. కౌలు హక్కు కార్డు యజమాని సంతకంతో పని లేకుండా, కనీసం మూడేళ్లకు ఇవ్వాలి. గట్టు, మట్టి, చెట్లకు కౌలు రైతు పెట్టిన ఖర్చును, మధ్యలో తీసేస్తే తిరిగి ఇప్పించే నిబంధన పెట్టాలి.

5. రేకుడబ్బా పరీక్ష, మట్టి పరీక్ష ప్రతి రైతు సేవా కేంద్రంలో ఎండాకాలంలోనే చేసి, ఫలితం విత్తనానికి ముందే రైతు చేతికి ఇవ్వాలి.

పెద్దాయన ఈసారి విత్తనం నాలుగు రోజులు ఆపాడు. తమ్ముడి గుంటక అడిగి తెచ్చుకుని వాలుకు అడ్డంగా తోలాడు. తర్వాతి వానకు మళ్లీ కడ్డీ గుచ్చి చూస్తానన్నాడు. ఆ రోజు మేం కూడా పోతాం. మీ ఊళ్లో కూడా వాన పడిన మర్నాడు పొద్దున ఒక కడ్డీ పట్టుకుని చేనులోకి నడవండి. ఎంత దిగిందో రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి.